పడకగది పైఅంచుకు టేకు బీడింగ్: నాలుగు వారాల పని

కాకినాడలోని మా ఇంటి పై అంతస్తు పడకగదిలో, గోడ శ్లాబును కలిసే అంచు వెంట అలంకారపు పట్టీ వేయాలన్నది నా చిరకాలపు కోరిక. సెలవు రోజుల్లో స్వయంగా చేసుకుంటున్న ఈ పని ఇప్పుడు మూడు గోడల వరకు వచ్చింది.

మొదటి వారం ఎంపికకే సరిపోయింది. గది పొడవు 11 అడుగులు, వెడల్పు 10, ఎత్తు తొమ్మిదిన్నర. దుకాణంలో నా మనసు దోచినది అయిదంగుళాల వెడల్పున, ఆకుల నగిషీతో ఉన్న పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) కార్నిస్ పట్టీ. నమూనా ముక్కను ఇంటికి తెచ్చి, మా ఆవిడ నిచ్చెన పట్టుకోగా, మూలకు ఆనించి చూశాను. పైకప్పు కిందికి దిగినట్టు అనిపించడమే కాక, రాత్రి ట్యూబులైటు వెలుగులో నగిషీ నీడలు మురికి చారల్లా కనిపించాయి. నమూనాను పగలు, రాత్రి రెండు వేళలా గదిలోనే చూడకుండా ఎవరూ కొనకూడదని నా గట్టి అభిప్రాయం.

పీఓపీని వదులుకోవడానికి అసలు కారణం మాత్రం తేమ. మాది పై అంతస్తు కావడంతో వానాకాలంలో శ్లాబు ఒక మూల చెమ్మగిల్లుతుంది. పీఓపీకి పదే పదే తడి తగిలితే మరకలు పడి, మెత్తబడి రాలిపోతుంది. ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో అదిమి చేసినది) పట్టీ చవకే గాని, తడికి ఉబ్బుతుంది. అందుకే రెండున్నర అంగుళాల వెడల్పున, ఒకే ఒక గాడి ఉన్న టేకు బీడింగ్‌ను అడితిలో తీసుకున్నాను.

చుట్టుకొలత 42 అడుగులు. బీడింగ్ 8 అడుగుల ముక్కలుగా వచ్చింది కనుక ఆరు కొన్నాను. నాలుగు గోడలకూ ఒక్కొక్క నిండు ముక్క పోగా, మిగిలిన 3, 3, 2, 2 అడుగులను అయిదో ముక్క నుంచి, ఆరో ముక్క నుంచి కోశాను. అతుకు దగ్గర రెండు కొసలనూ ఏటవాలుగా కోసి ఒకదానిపై ఒకటి కూర్చితే, చెక్క కొంత ముడుచుకున్నా సందు కనబడదు.

రెండో వారం మూలలు నన్ను బాగా ఇబ్బంది పెట్టాయి. 45 డిగ్రీలకు కోసిన కొసలు తలుపు పక్క మూలలో కలవలేదు. ఒక గోడపై 3 అడుగులు, రెండో గోడపై 4 అడుగులు గుర్తు పెట్టి ఐమూలగా కొలిస్తే 5 అడుగులు రావలసింది, 5 అడుగుల 1 అంగుళం వచ్చింది. అంటే మూల 90కి బదులు 92 డిగ్రీలకు విచ్చుకుంది. అప్పటి నుంచి పద్ధతి మార్చాను. ఒక ముక్కను నేరుగా గోడకు ఆనేలా బిగించి, రెండోదాని కొసను మొదటిదాని ఆకారానికి సరిపోయేటట్టు సన్నరంపంతో తొలిచి, ఆకురాయితో సరిచేస్తున్నాను. ఒక్కో మూలకు గంట పడుతోంది, కాని మూల వంకర ఎంతైనా అతుకు కుదురుతోంది.

బిగింపుకు రెండేసి అడుగులకు ఒక 6 మిల్లీమీటర్ల రంధ్రం, ప్లాస్టిక్ ప్లగ్గు, మర. స్విచ్‌బోర్డుకు నిట్టనిలువుగా పైన, లోపల తీగల గొట్టం ఉండే చోట మాత్రం డ్రిల్లు పెట్టలేదు. గోడ ఒకచోట దాదాపు 7 మిల్లీమీటర్లు లోపలికి పోయింది. అక్కడ బీడింగ్‌ను గోడ వంపుకు లాగకుండా తిన్నగానే ఉంచి, వెనుక సందును లప్పంతో నింపాను.

మిగిలినది చెమ్మ ఉన్న గోడ. పైన డాబాకు నీరు దిగకుండా పూత వేయించాను. ఆ మూల పూర్తిగా ఆరిన తరువాతే చివరి ముక్కలు బిగించి, నాలుగు వైపులా ఒకేసారి పాలిష్ పెడతాను.