ఆరుసార్లు చదివితే ఆరు రకాల ఫైళ్లు

రాత్రి పన్నెండున్నర దాకా కూర్చున్నా నా ల్యాప్‌టాప్ బయాస్ చిప్ (యంత్రాన్ని మేల్కొలిపే తొలి ప్రోగ్రాం ఉండే చిప్) లొంగలేదు. ఆ చిరాకు ఇంకా తగ్గలేదు.

ల్యాప్‌టాప్ 2012 నాటిది, మూడో తరం ఇంటెల్. డబ్బు పెట్టి కొన్నది నేను. అందులో ఏ వైఫై కార్డు ఉండాలో మాత్రం తయారీదారు బయాస్‌లో ఒక జాబితా పెట్టి తేల్చేశాడు. కోఠి గుజరాతీ గల్లీలో 350 రూపాయలకు తెచ్చిన అథెరాస్ కార్డు బిగించగానే, అనుమతి లేని కార్డు అంటూ తెర మీద చూపించి అక్కడే ఆగిపోతుంది. రేడియో ధ్రువీకరణ కోసమే ఈ నిబంధన అంటారు. అదే యంత్రం యూఎస్‌బీలో ఏ వైఫై పరికరం గుచ్చినా అడ్డు చెప్పదు. అందుకే ఆ వాదన నాకు మింగుడు పడదు.

గడియారం సెంటర్ దగ్గర రిపేరు చేసే తమ్ముడు, “జాబితాలో ఉన్న కార్డే వెతుక్కోండన్నా, చిప్ జోలికెందుకు?” అన్నాడు. నాకు మనసొప్పలేదు.

ఆ జాబితా పోవాలంటే బయాస్‌నే మార్చాలి. కంపెనీ డిజిటల్ సంతకం లేని బయాస్‌ను యంత్రం తనంతట ఎక్కించుకోదు. చిప్ కాళ్లకు క్లిప్ పెట్టి, ప్రోగ్రామర్ అనే పరికరంతో బయటి నుంచి రాయాల్సిందే. ముందు ఉన్నదాన్ని చదివి దాచుకోవాలి. ముడి అక్కడే పడింది. చిప్ విన్‌బాండ్ 25క్యూ64, ఫైలు 83,88,608 బైట్లు. పరిమాణం ప్రతిసారీ సరిగ్గానే వస్తుంది, చెక్‌సమ్ (ఫైలులోని బైట్లన్నిటి నుంచి లెక్కగట్టే గుర్తు) మాత్రం ఆరుసార్లూ వేరు. ఒక్కోసారి చిప్ గుర్తింపు ఈఎఫ్4017 అని వస్తుంది, ఒక్కోసారి అన్నీ ఎఫ్‌ఎఫ్‌లే, అంటే చిప్ నుంచి జవాబే లేదు.

క్లిప్ గాలిలో ఉన్నప్పుడు 3.31 వోల్టులు. చిప్‌కు తగిలించగానే 2.64. ఆ చిప్‌కు కనీసం 2.7 కావాలి. బోర్డంతా ఆ కాస్త కరెంటునే పీల్చుకుంటోందనుకుని, 20 సెంటీమీటర్ల తీగలను 8కి తగ్గించాను: 2.71. రెండు ఫైళ్ల మధ్య తేడా వేల బైట్ల నుంచి 41కి దిగింది. ఆశ పుట్టి, విడిగా 3.3 వోల్టుల సరఫరా ఇచ్చాను. చిప్ దగ్గర 3.28 నిలకడగా ఉంది, అయినా 17 బైట్లు తేడా! బ్యాటరీ, సీమాస్ సెల్ (బోర్డు మీది చిన్న గుండ్రటి సెల్) రెండూ తీసే ఉన్నాయి. అంటే లోపం వోల్టేజీ ఒక్కదానిలోనే లేదు. బోర్డుకు కరెంటు అందగానే చిప్‌సెట్ (బోర్డు మీద బయాస్ చిప్‌ను చదివే పెద్ద చిప్) కూడా మేల్కొని అవే తీగల మీద మాట్లాడుతోందని నా అనుమానం. ఫ్యాన్ వేస్తే క్లిప్ కదులుతుంది, ఆపితే ఈ ఉక్కపోతకు చెమట బోర్డు మీద పడుతుంది. ఒకటి రెండు బైట్లు ఆ కదలిక వల్ల కూడా పోయి ఉండవచ్చు.

నేను వాడే నల్ల సీహెచ్341ఏ ప్రోగ్రామర్ మామూలుగా డేటా పిన్‌ల మీద 5 వోల్టులు వదులుతుంది. దాన్ని 3.3కు మార్చే పని మొదటిసారే కుదిరింది. ఆ మార్పు చేయకుండా ఎవరూ చిప్‌కు తగిలించకండి.

ఆదివారం వేడిగాలి యంత్రం అరువు తెచ్చి చిప్‌నే ఊడదీస్తాను. దాని చోట సాకెట్ అతికిస్తే మళ్లీ మళ్లీ తీయవచ్చు. మూడు ఫైళ్లు అక్షరం తేడా లేకుండా వస్తేనే ఆ జాబితాను తొలగించే పని మొదలుపెడతాను. తర్వాత కంపెనీ బయాస్ స్థానంలో కోర్‌బూట్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం. 2013లో ఇంటెల్ నాలుగో తరంతో బూట్ గార్డ్ వచ్చింది, అది సంతకం లేని బయాస్‌ను నడవనివ్వని తాళం. తయారీదారు దాన్ని బిగించి పంపిన యంత్రాల్లో ఈ దారి కూడా మూసుకుపోతుంది. అందుకే ఈ పాతదాన్ని వదలను.