చౌడెక్కిన గోడకు సిమెంటు మందు కాదు

బందరు నుంచి భీమిలి దాకా ఏ పాత గోడౌను, ఏ రైల్వే క్వార్టరు, ఏ దొరల బంగళా చూసినా గోడ ఒకే రకంగా పాడై ఉంటుంది. నేల నుంచి మూడు నాలుగు అడుగుల దాకా నున్నటి సిమెంటు ప్లాస్టరు. దాని పైఅంచు దగ్గర ఇటుక పొడిపొడిగా రాలిపోయి, గోడ లోపలికి తినేసినట్టు కనిపిస్తుంది. చూసినవాళ్లు "కింద బాగానే ఉంది, పైన కూడా సిమెంటు కొట్టిస్తే సరిపోతుంది" అంటారు. నిజానికి పైన ఇటుకను తినేసింది కింద కొట్టిన ఆ సిమెంటే.

పాత గోడలకు పునాదిలో తేమను ఆపే పొర ఉండదు. నేలలోని నీరు ఉప్పును మోసుకుని ఇటుకల గుండా పైకి ఎగబాకుతుంది. సున్నం పూత ఉన్నంత కాలం ఆ తేమ ఎక్కడికక్కడ గాలిలోకి ఆరిపోయేది. సిమెంటు ఆ దారి మూసేసరికి, నీరు సిమెంటు లేని చోటు దొరికేదాకా పైకి పోతుంది. ఆరేది అక్కడే కాబట్టి ఉప్పు దిగేదీ అక్కడే. గోడ మీద పొడిలా తేలే ఆ ఉప్పే చౌడు.

కోస్తాలో దీనికి ఇంకో మెలిక ఉంది. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే మామూలు ఉప్పు గాలిలోని నీటిని లాక్కుని కరిగిపోతుంది, దానికి దిగువకు వస్తే మళ్లీ స్ఫటికం కడుతుంది. మన తీరంలో తేమ ఈ గీతను చాలా రోజులు పైకీ కిందికీ దాటుతూనే ఉంటుంది. స్ఫటికం కట్టిన ప్రతిసారీ ఇటుక రంధ్రాల గోడలను నెడుతుంది. అందుకే వాన పడకపోయినా, నేల ఎండిపోయినా చౌడు ఆగదు. లోపల చేరిన ఉప్పును తీయకుండా పైన ఏం పూసినా రెండేళ్లు కూడా నిలవదు.

ముందు సిమెంటు తీయాలి. డ్రిల్లింగ్ మిషన్ పెట్టొద్దు, సిమెంటుతో పాటు ఇటుక ముఖం కూడా ఊడి వస్తుంది. సన్న ఉలి, చిన్న సుత్తి చాలు. ఉలిని గోడకు నిలువుగా కాక ఏటవాలుగా పట్టుకుని అంచు నుంచి లేపాలి. గట్టిగా అంటుకున్న చోట బలవంతం చేయకుండా వదిలేసి, చుట్టూ తీశాక మళ్లీ రావచ్చు. తర్వాత పొడి బ్రష్షుతో చౌడు దులిపి, కింద గోనె పరిచి ఆ పొడిని ఎత్తేయాలి. నీళ్లు కొట్టి కడిగితే ఆ ఉప్పే కరిగి మళ్లీ గోడలోకి పోతుంది.

ఉప్పు లాగడానికి పట్టు వేయాలి. కాగితపు గుజ్జు, శుభ్రమైన బంకమట్టి, ఇసుక, ఉప్పు లేని నీళ్లు కలిపి ముద్దగా చేసి, గోడను కాస్త తడిపి, 15 నుంచి 20 మి.మీ. మందాన అద్దాలి. నీడలో నెమ్మదిగా ఆరనివ్వాలి. తనంతట తాను పగిలి ఊడే సమయానికి ఉప్పు అందులోకి వచ్చేసి ఉంటుంది. ఊడిన పట్టు నుంచి ప్రతిసారీ ఒకే తూకం ముక్కను ఒకే కొలత డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, నీటిలో కరిగిన లవణాలను కొలిచే, మంచినీళ్లకు వాడే టీడీఎస్ మీటరుతో కొలవండి. రెండోసారి, మూడోసారి అంకె పడుతూ వస్తుంది. పడటం ఆగినప్పుడు ఆపేయాలి. ఒక్క పట్టుతో పని అయిపోయిందని చెప్పే మేస్త్రిని నమ్మకండి.

ఇక సున్నం. పాత గోడలో ఏ పాళ్లు వాడారో తెలుసుకోవడానికి ఇటుకల మధ్య సున్నపు అతుకు లోపలి నుంచి వంద గ్రాముల గట్టి ముక్క తీసి, పొడి చేసి, పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేయండి. కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. సున్నం బుసబుస పొంగి కరిగిపోతుంది. మిగిలిన ఇసుకను కడిగి, ఆరబెట్టి తూచండి. ఇసుకలో గవ్వ ముక్కలుంటే అవి కూడా కరుగుతాయి, అప్పుడు సున్నం లెక్క ఎక్కువగా కనిపిస్తుంది. అడుగున ఎర్రటి పొడి మిగిలితే అందులో ఇటుక పొడి కలిపారన్నమాట. గవ్వల సున్నం దాదాపు స్వచ్ఛమైనది. గాలి తగిలితే తప్ప గట్టిపడదు కాబట్టి తడి చోట్ల అది పట్టుకోవడానికి ఇటుక పొడి కలిపేవారు. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కు పూర్తయ్యేనాటికి మన దగ్గర పెద్ద పనులన్నీ సున్నంతోనే. పోర్ట్‌లాండ్ సిమెంటు ఇక్కడి తాపీపనిలోకి చాలా తర్వాత వచ్చింది.

కొత్త పూతకు పొడి సున్నం సంచి తెచ్చి అప్పటికప్పుడు కలిపేస్తే పని చెడుతుంది. కాల్చిన సున్నాన్ని నీళ్లలో చల్లార్చి, పైన నీళ్లు నిలిచేలా కనీసం నెలరోజులు మురగబెట్టాలి, మూడు నెలలైతే ఇంకా మంచిది. చల్లారని పలుకులు మిగిలిపోతే గోడ మీద తర్వాత ఉబ్బి, గుండ్రటి పెచ్చులుగా ఎగిరిపోతాయి. అడుగు పూతకు ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు ఏటి ఇసుక, పై పూతకు ఒకటికి రెండు. సముద్రపు ఇసుక ఎంత కడిగినా వద్దు. పూర్వం దీన్ని గానుగలో తిప్పి డంగు సున్నం చేసి, కరక్కాయ, బెల్లం నానిన నీళ్లు పోసేవారు. గానుగ దొరక్కపోతే మోర్టార్ మిల్లులో 20 నిమిషాలు తిప్పినా చాలు. మామూలు కాంక్రీటు మిక్సరు కలుపుతుందే గానీ నూరదు.

ఒక్కో పొర 10 మి.మీ. దాటకూడదు. గోడను ముందురోజే తడిపి, పొరకూ పొరకూ మధ్య వారం ఆగి, తడి గోనెలు కప్పి ఉంచాలి. మే నెల ఎండలో ఈ పని చేస్తే పై చర్మం బిగుసుకుని లోపల పిండిలా ఉండిపోతుంది. వేలితో గీకితే రాలిపోయే పూతల్లో చాలావాటికి కారణం ఇదే.

గోడ అయ్యాక కప్పు. స్టేషన్లలో, గోడౌన్లలో పాత రైలు పట్టాలనే దూలాలుగా వేసి, వాటి మధ్య ఇటుకతో చిన్న కమానులు కట్టారు. సున్నపు క్షారం ఉన్నన్నాళ్లు ఇనుముకు రక్ష. ఏళ్లు గడిచి ఆ క్షారం పోయాక, పైకప్పు నీరు దిగితే తుప్పు మొదలవుతుంది. తుప్పు అసలు ఇనుము కంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి కమాను చివరి ఇటుకలను విరిచేస్తుంది. పట్టా వెంబడే గీత గీసినట్టు పగులు కనిపిస్తే ఇదే జబ్బు. ఆ పగుల్లో సిమెంటు పూడ్చడం దండగ, ముందు పైకప్పు నీటిని ఆపాలి.

ఆ పట్టాలు ఇంకో పనికీ వస్తాయి. పట్టా తలకూ అడుగుకూ మధ్య ఉండే నిలువు నడుము భాగం మీద తయారు చేసిన కంపెనీ, ఏడాది, బరువు ఉబ్బెత్తు అక్షరాల్లో ఉంటాయి. రంగు పొరల కింద మునిగి ఉంటే టార్చిని పక్కవాటుగా వేస్తే నీడల్లో బయటపడతాయి. కానీ అది పట్టా పుట్టిన ఏడాదే. రైలు కింద అరిగాక భవనంలోకి వచ్చింది కాబట్టి ఆ దూలం వేసింది అంతకంటే కొన్నేళ్ల తర్వాతే. చాలామంది ఇక్కడే పొరబడతారు. పట్టా సైజు కూడా చూడాలి. నౌపడ-పర్లాకిమిడి మార్గాన్ని 1900లో రెండడుగుల ఆరంగుళాల నారోగేజీగా తెరిచారు, అలాంటి లైన్ల పట్టాలు బ్రాడ్‌గేజీవాటికంటే సన్నగా, తేలిగ్గా ఉంటాయి.

ఉక్కు వంతెనల సంగతి వేరే. రాజమండ్రి హేవలాక్ వంతెనకు 1897లో పని మొదలైంది, 1900లో రైళ్లు నడిచాయి. 56 స్పాన్లు (స్తంభానికీ స్తంభానికీ మధ్య దూరాలు), ఒక్కోటి 150 అడుగులు. 1997లో రైళ్లు ఆగాయి. ఇలాంటి రివెట్ల (ప్లేట్లను కలిపే తల ఉన్న ఇనుప మేకుల) గర్డర్లలో, అంటే ఉక్కు దూలాల్లో, పైకి కనిపించే తుప్పు కంటే రెండు ప్లేట్ల మధ్య పేరుకున్నదే ప్రమాదం, అది ప్లేట్లను వంచి రివెట్ తలలను తెంపేస్తుంది. రివెట్ తల పక్క వేలు ఆనించి, రెండోవైపు నుంచి చిన్న సుత్తితో కొట్టండి. గట్టి రివెట్ ఖంగుమంటుంది, వదులైనది వేలి కింద అదురుతుంది. వదులైన దాన్ని తీసి హైటెన్సైల్ (ఎక్కువ లాగుడును తట్టుకునే) బోల్టు బిగిస్తారు. వెల్డింగ్ మాత్రం వద్దు, ఆ కాలపు ఉక్కులో గంధకం, భాస్వరం పాళ్లు ఎక్కువగా ఉండి వేడికి పగులుతుంది.

రంగు వేసే ముందు తుప్పు గీకి ఊరుకుంటే చాలదు. గుంటల్లో ఉప్పు మిగిలితే కొత్త రంగు పొక్కులు కడుతుంది. మంచినీళ్లతో ఒత్తిడిగా కడిగి, ఆరబెట్టి, మళ్లీ ఎర్రబడేలోపే, అంటే అదే రోజు, మొదటి పూత పడిపోవాలి. సాయంత్రం సముద్రపు గాలి తిరిగాక తెరిచి ఉంచిన ఉక్కును మర్నాడు మళ్లీ మొదటి నుంచి శుభ్రం చేసుకోవాల్సిందే.