బుడిపెల ఫంగస్‌లని వర్గాల్లో పెట్టడం – నా అనుభవం

ఎమ్మెస్సీ బోటనీలో నాకు పడిన ప్రాజెక్టు, మొక్కలకి బుడిపెలు తెప్పించే ఫంగస్‌ల క్లాసిఫికేషన్. గుంటూరులో బుడిపెలకేం కరువు, రోడ్డు పక్కన కానుగ చెట్టు కనపడితే చాలు. కానీ మా మేడమ్ రూల్ ఒకటే, "పైకి చూసి ఏదీ రాయొద్దమ్మా, కోసి స్లైడ్ మీద చూశాకే పేరు." దాంతో తెచ్చిన సంచిలో చాలావరకు బయటికే పోయింది. కానుగ ఆకు మొటిమల్లో ఉండేది నల్లి, మామిడి ఆకు బుడిపెలో ఈగ పిల్ల, వరిలో ఉల్లికోడు కూడా ఈగ పనే.

అసలు మజా ధనియాల్లో వచ్చింది. సీనియర్ ఒకాయన మధ్యప్రదేశ్ నుంచి తెచ్చిన ధనియాలు, ఉబ్బిపోయి పొడుగ్గా ఉన్నాయి, బ్లేడుతో పల్చగా కోసి కాటన్ బ్లూ అనే రంగు వేసి చూస్తే కణాల మధ్యలో గుండ్రంగా మందపాటి గోడ ఉన్న పెద్ద పెద్ద స్పోర్లు. ఆ ఫంగస్ పేరు ప్రోటోమైసిస్ మాక్రోస్పోరస్. ఇది ఆస్కోమైకోటా అనే పెద్ద ఫంగస్ వర్గంలో టాఫ్రినోమైకోటినా అనే ఉపవర్గం కింద, పీచ్ ఆకుని ముడుచుకుపోయేలా చేసే టాఫ్రినా పక్కన కూర్చుంటుంది, మనిషి ఊపిరితిత్తుల్లో న్యుమోనియా తెచ్చే న్యుమోసిస్టిస్ కూడా అదే గుంపు అంటే మా హాస్టల్లో ఎవరూ నమ్మలేదు!

మొక్కజొన్న కంకిని బూడిదరంగు బుడిపెలుగా మార్చే కాటుక తెగులు, తేయాకు బొబ్బ తెగులు తెచ్చే ఎక్సోబేసిడియం రెండూ బేసిడియోమైకోటా అనే ఇంకో పెద్ద వర్గంలోకి వెళ్లాయి, బంగాళదుంప పులిపిరి తెగులు కైట్రిడ్‌లనే మరో వర్గంలోకి. ఇవి తేలికే.

తెనాలి వైపు వరి చేలో దొరికిన మానిపండు తెగులు మాత్రం చాలా తిప్పింది. గింజ ఉండాల్సిన చోట ముద్ద, వేలికి ముదురు పచ్చ పొడి అంటుకుంటుంది, చూడ్డానికి అచ్చం కాటుక తెగులే. 1878లో కుక్ అనే శాస్త్రవేత్త కూడా దీన్ని కాటుక తెగులు ఫంగస్‌లుండే ఉస్టిలాగో ప్రజాతిలోనే పెట్టాడు, 1896లో తకహాషి దాన్ని ఉస్టిలాజినాయిడియా అనే వేరే ప్రజాతికి మార్చాడు. ఇప్పుడు డీఎన్ఏ ప్రకారం ధాన్యాలకి ఎర్గాట్ తెగులు తెచ్చే ఫంగస్ ఉన్న కుటుంబంలో ఉంది, అంటే కాటుక తెగులుతో దగ్గరి చుట్టరికమే లేదు. దీన్ని బుడిపె అనొచ్చా లేదా అని ల్యాబ్‌లో ఇంకా వాదనే.

వైవాలో ఎక్స్‌టర్నల్ సారు రికార్డు తిరగేసి, "క్యాబేజీ క్లబ్‌రూట్ ఏదమ్మా?" అన్నారు. వేళ్లు ఉబ్బే ఆ తెగులు తెచ్చేది ఇప్పుడు ఫంగసే కాదండి, రైజేరియా అనే ఏకకణ జీవుల గుంపులోకి పోయింది, ఆవాల మీద తెల్ల తుప్పు తెగులు తెచ్చే ఆల్బుగోని కూడా ఫంగస్ కాదనే తీసేశా అన్నా. "పాత పుస్తకం చదివొస్తావనుకున్నా" అని సంతకం పెట్టేశారు.