ఒడ్డున – సామాన్లు

మా మరిది సంగతి మీకు కొత్త కాదు. గృహప్రవేశమైనా తద్దినమైనా ముందు ఎక్సెల్ షీట్ తయారవ్వాలి. ఈసారి అండమాన్ షీట్ వచ్చింది. తేదీ, వేళ, చేసే పని, ఎవరెవరు, మనిషికి ఎంత. రంగులు కూడా వేశాడు. సాయంత్రం పోపు వేస్తూ ఫోన్‌లో ఓ కన్నేసి ఊరుకున్నాను. భోజనాలయ్యాక తీరిగ్గా చూస్తే ‘ఎవరెవరు’ అన్న వరసలో నా పేరున్న చోటల్లా పక్కన ఒకటే మాట. “ఒడ్డున – సామాన్లు.”

స్కూబా (గాలి సిలిండరు కట్టుకుని నీళ్ళ అడుక్కి దిగడం) దగ్గర అదే. కయాకింగ్ (సన్నటి పడవలో తెడ్డు వేసుకుంటూ పోవడం) దగ్గర అదే. స్నార్కెలింగ్ (మాస్కూ, ఊపిరి గొట్టమూ పెట్టుకుని నీళ్ళ పైనే తేలుతూ చూడడం) దగ్గర “సామాన్లు, ఫొటోలు” అని కాస్త ప్రమోషన్ ఇచ్చాడు. ఎలిఫెంట్ బీచ్‌కి అందరూ అడవిలోంచి నడిచి వెళ్తారట, నేను మాత్రం బ్యాగులతో పడవలో వెళ్ళాలట.

నిజం చెప్పొద్దూ, పొద్దున్నదాకా నేనే ఈ ప్రయాణాన్ని తిట్టుకుంటున్నాను. యాక్టివ్ హాలిడే అట! ఇంట్లో ఐదింటికి లేచి రాత్రి పదింటిదాకా నేను చేస్తున్నది యాక్టివ్ కాకపోతే మరేమిటి? సెలవంటే ఎండెక్కేదాకా పడుకోవాలి, వేరేవాళ్ళు పెట్టిన కాఫీ తాగాలి, ఈ పూట ఏం వండను అని ఎవర్నీ అడగక్కర్లేకుండా ఉండాలి. వీళ్ళ షీట్‌లో మొదటి రోజే ఐదున్నరకి లేవడం. “అక్కడ మనకంటే ముందే తెల్లారిపోతుంది వదినా” అంటాడు, అదేదో గొప్ప సౌకర్యమైనట్టు.

అత్తయ్యగారిది ఇంకో గొడవ. “కొబ్బరిచెట్లూ సముద్రమూ చూడ్డానికి విమానం ఎక్కాలా? మనమున్నది దీవి కాదూ? ఇటు గౌతమి, అటు వసిష్ఠ, కింద సముద్రం. ఓడలరేవు వెళ్ళి కాళ్ళు తడుపుకు రండి” అన్నారు. నాకూ సబబుగానే తోచింది. రైలు ఇంకా గోదావరి దాటి మా అమలాపురం రాలేదు. రాజమండ్రి పోయి, అక్కణ్ణుంచి హైదరాబాదో చెన్నయ్యో పోయి, ఇంకో విమానం పట్టుకుంటే శ్రీ విజయపురం. అంటే మన పోర్ట్ బ్లెయిరే, 2024లో పేరు మార్చారు. హేవ్‌లాక్ 2018 నుంచి స్వరాజ్ ద్వీప్, నీల్ షహీద్ ద్వీప్. ఇంట్లో ఒక్కొక్కళ్ళు ఒక్కో పేరుతో మాట్లాడుకుంటూంటే అత్తయ్యగారు మేం అరడజను దీవులు తిరిగొస్తామనుకుంటున్నారు. విశాఖ నుంచి ఓడ కూడా ఉంటుంది, అలా వెళ్దామన్నాను. ఎప్పుడు బయల్దేరుతుందో ముందే ఖాయంగా తెలీదు, పైగా రెండున్నర మూడు రోజులు నీళ్ళ మీదే. పిల్లలు ‘సెలవంతా ఓడలోనే అయిపోతుంది’ అని కొట్టిపారేశారు.

అందుకని ‘నేను రాను, మీరు వెళ్ళిరండి’ అనేద్దామనుకున్నా. పొద్దున్న ఇడ్లీపిండి రుబ్బుతూ ఆ మాట ఏ స్వరంలో అనాలో కూడా చూసుకున్నా. ఇప్పుడు ఆ గడి చూశాక అనబుద్ధి కావడం లేదు. రానని నేను అనడం వేరు, ఇది నీళ్ళలో దిగదులే అని వాళ్ళు రాసేసుకోవడం వేరు.

ఈయన్ని అడిగా. “నీకు నీళ్ళంటే భయం కదా” అన్నారు, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

“ఎవరు చెప్పారండీ?”

“ఒకళ్ళు చెప్పాలా? నువ్వెప్పుడైనా దిగావా?”

ఈయన చూసింది 2015 పుష్కరాల్లో కోటిపల్లి రేవులో నేను ముక్కు మూసుకుని మూడు మునకలు వేయడం. అదీ వెనక నుంచి జనం తోస్తూంటే. దాన్ని బట్టి తేల్చేశారన్నమాట. పెళ్ళయి ఇన్నేళ్ళయినా నాకు ఈత వచ్చన్న సంగతి ఈ ఇంట్లో ఒక్కళ్ళకీ తెలీదు. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. పెళ్ళిచూపుల్లో పాట వచ్చా, కుట్లు వచ్చా అని అడుగుతారు గానీ ఈత వచ్చా అని అడుగుతారా?

అమ్మమ్మగారి ఊరు అంబాజీపేట అవతల. వీధిగుమ్మం ముందు రోడ్డు, రోడ్డు దాటితే కాలువ. సెలవులు ఇవ్వడం ఆలస్యం, అక్కడ వాలిపోవాలి. ఎందుకంటే ఆ తర్వాత కాలువలు కట్టేస్తారు. ధవళేశ్వరం దగ్గర నీళ్ళు ఆపేశాక ఇక ఖరీఫ్‌కి వదిలేదాకా కాలువలో బురదా, ఆ బురదలో జెల్ల చేపల కోసం దేవులాడే పిల్లలూ తప్ప ఏమీ ఉండదు. కట్టేసేలోపే ఈత వచ్చి తీరాలి. పరీక్షలకి కూడా నేనంత కంగారు పడలేదు.

గురువు చిన్నమావయ్య. డొక్క (పైనుండే పీచు) తీయని ఎండు కొబ్బరికాయలు రెండు తెచ్చి, ఒక్కోదాని డొక్క మీంచి వెడల్పాటి పట్టె లేపి, ఆ రెండు పట్టెల్నీ కలిపి ముడి వేసేవాడు. ముడి పొట్ట కిందకి వస్తుంది, కాయలు చెరో చంక పక్కన తేలతాయి. నీళ్ళలో నానేకొద్దీ ఆ పీచు గౌనులోంచి కూడా గీరుకుపోయేది. రాత్రి అమ్మమ్మ కొబ్బరినూనె రాస్తే ఇంకా మండేది, అయినా మర్నాడు పొద్దున్నే మళ్ళీ రేవులో. “ఊపిరి బిగబట్టి బోర్లా పడుకోవే, నీళ్ళే మోస్తాయి” అనేవాడు మావయ్య. ఆయన పాఠమంతా అంతే. చేతులెలా వేయాలో, కాళ్ళెలా కొట్టాలో గేదెల్ని చూసి నేర్చుకోమన్నాడు.

ఒకరోజు “ఒక కాయ తీసేద్దామా?” అన్నాడు. సరే అన్నాను. ఒక పక్కే కాయ ఉంటే ఏమవుతుందో మీకు తెలీదు. మనిషి ఒరిగిపోయి ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతుంది. నేను ఎంత కొట్టుకున్నా రేవు దగ్గరే చుట్లు. గట్టు మీద మా తమ్ముడూ, పక్కింటి పిల్లలూ పొట్టలు పట్టుకుని నవ్వు. ఆ ఉక్రోషంలో రెండో కాయ కూడా నేనే లాగి పారేశా. అది కాలువలో కొట్టుకుపోయింది, మావయ్య దాని వెనకాల ఈదుకుంటూ పోయాడు (కాయంటే కాయే కదా మా వైపు, వదులుతారా). ఆయన తిరిగొచ్చేసరికి నేను అవతలి గట్టు మీద ఉన్నాను. అక్కణ్ణుంచి చూస్తే అమ్మమ్మ ఇల్లు చాలా చిన్నగా కనబడింది.

ఆ తర్వాత కొన్ని వేసవులు నేను నీళ్ళలోనే ఉన్నాను. పెద్దమనిషినయ్యాక అమ్మమ్మ “ఇంక రేవులోకి దిగకమ్మా” అంది. అంతే. పోట్లాడలేదు, ఏడవలేదు, అది పోట్లాడాల్సిన సంగతని కూడా తోచలేదు. తమ్ముడు మాత్రం దిగుతూనే ఉన్నాడు. వాడు తడిజుట్టుతో అన్నానికి వచ్చి కూర్చుంటే మాత్రం ఒళ్ళు మండేది.

సరే, కాలువ ఈత సముద్రంలో పనికొస్తుందా? ఇదే అనుమానమొచ్చి ఇందాకటి నుంచి చదువుతూ కూర్చున్నా. మొదటిసారి చేసే స్కూబాకి అసలు ఈత రానక్కర్లేదట! ఇన్‌స్ట్రక్టర్ పట్టుకునే ఉంటాడు, పన్నెండు మీటర్లకి మించి దింపరు. పోనీ నాకున్న విద్యయినా అక్కరకొస్తుందా అంటే అదీ లేదు. అక్కడ మొదటి నియమమే ఊపిరి బిగబట్టకూడదని. లోపల పీల్చిన గాలి పైకి వచ్చేకొద్దీ ఉబ్బుతుంది, బిగబడితే ఊపిరితిత్తులకి దెబ్బ. మావయ్య నేర్పిన ఒకే ఒక్క పాఠం అక్కడ తప్పు! ముక్కు మూసుకోవడం మాత్రం ఉంది, పుష్కరాల్లోలాగే. మాస్కు మీంచి ముక్కు నొక్కి మెల్లగా గాలి ఊదితే చెవులు సర్దుకుంటాయట. నొప్పి మొదలయ్యాక కాదు, దిగుతున్నప్పటి నుంచీ మాటిమాటికీ చేస్తూండాలి. పది మీటర్ల లోతుకి వెళ్ళేసరికి ఒత్తిడి పైనున్నదానికి రెట్టింపు అవుతుంది. అది చదివాక నాకు కాస్త గుండె జారిన మాట వాస్తవం. జలుబు చేస్తే చెవి దిబ్బడేసే మనిషిని. ఒడ్డునే నయమేమో అని ఓ పావుగంట అనుకున్నా.

తర్వాత స్కూబావాళ్ళ ఆరోగ్యం ఫారం తెరిచాను. ఇంట్లో గ్యాస్ నుంచి బ్యాంకు దాకా ఫారాలు నింపేది నేనే కదా, ఈయనది కూడా నాకే అప్పజెప్పారు. ఉబ్బసం ఉందా, గుండెజబ్బు ఉందా, చెవి ఆపరేషన్ అయిందా... 45 దాటినవాళ్ళని బీపీ, కొలెస్ట్రాల్, సిగరెట్ సంగతి విడిగా అడుగుతారు. అక్కడ అవునంటే డాక్టర్ చూసి సంతకం పెట్టాల్సిందే. నాకు ఒక్కటీ లేదు. ఈయన రోజూ బీపీ మాత్ర వేసుకుంటారు.

“లేదని పెట్టెయ్” అన్నారు.

“ఎలా పెడతానండీ?”

“మాత్ర వేసుకుంటున్నాగా, ఇంక బీపీ ఎక్కడుంది?”

అప్పుడు మొదలైన చిరాకు ఇంతవరకూ దిగలేదు. మాత్ర వేసుకునే మనిషి పేరు స్కూబా గడిలో పచ్చరంగులో ఉంది. ఏ మాత్రా వేసుకోని మనిషి ఒడ్డున చెప్పులు లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలి. పైగా అబద్ధం రాయాల్సింది కూడా నేనే. రాయలేదు. అవునని టిక్కు పెట్టి, కింద మాత్ర పేరు కూడా రాశా. డాక్టర్ దగ్గరికి వెళ్తారో మానతారో ఆయనిష్టం.

ఆ ఊపులో షీట్ మొత్తం సవరించాను. రాధానగర్ బీచ్‌లో ఆరింటికి సూర్యాస్తమయం అని రాశాడు మరిది. అది మనకంటే ఎంత తూర్పున ఉంది, గడియారమేమో మనదే! డిసెంబరు నెలాఖర్లో ఐదుంబావు లోపే అక్కడ సూర్యుడు మునిగిపోతాడు. ఆరింటికి వెళ్తే చూసేది చీకటిని. రాత్రి కయాకింగ్‌లో తెడ్డు వేస్తే నీళ్ళు మెరుస్తాయని ఒక్కొక్కళ్ళకి బోలెడు డబ్బు కట్టబోతున్నారు. కంటికి కనబడని ప్రాణులు కదిలిస్తే వెలిగే వెలుగు అది, చీకటి రాత్రయితేనే బాగా కనబడుతుంది. గోడ మీద క్యాలెండర్ తిప్పి చూస్తే, వీళ్ళు రాసుకున్న రోజుకి ముందురోజే పౌర్ణమి. మడ అడవుల్లో కయాకింగ్ కూడా ఉంది. కోరంగిలో చెక్కబాట మీద నడుస్తూ దోమలని విసుక్కుని అరగంటలో మమ్మల్ని వెనక్కి తిప్పిన ఈయన అక్కడ మడ చెట్ల మధ్య ఎలా తెడ్డు వేస్తారో చూడాలి.

అన్నిటికంటే ఘోరం చివరి రోజు. పొద్దున్న స్కూబా, మధ్యాహ్నం తిరుగు విమానం. నీళ్ళ కింద ఒత్తిడికి రక్తంలో కలిసిన నైట్రోజన్ మెల్లగా బయటికి పోవాలి. ఈలోగా విమానం ఎక్కితే గోళీసోడా కొట్టినట్టు లోపలే బుడగలు లేస్తాయి. పద్దెనిమిది గంటలైనా ఆగాలి, ఇరవైనాలుగైతే ఇంకా మంచిది. అందుకని స్కూబాని ముందుకి జరిపి, చివరి రోజు నీల్‌లో సైకిళ్ళు పెట్టాను. అది చిన్న దీవి, సైకిల్ మీదే తిరిగేయొచ్చు. అత్తయ్యగారికి మాత్రం పూజలోకి శంఖం తేలేమని చెప్పేశా. ఒడ్డున గవ్వలూ పగడపు ముక్కలూ ఏరకూడదు, విమానాశ్రయంలో బ్యాగు చూసి తీసేసుకుంటారు. “దీవి నుంచి గవ్వ కూడా తేకపోతే వెళ్ళడం దేనికి?” అన్నారావిడ. ఏం చెప్తాం.

సవరించిన షీట్ గ్రూపులో పెట్టాను. స్కూబాలో నా పేరు నేనే చేర్చుకున్నా, ఈయన పేరు పక్కన ‘డాక్టర్ సంతకం వచ్చాక’ అని. మరిది వెంటనే చూశాడు, ఏమీ అనలేదు. తోటికోడలు మాత్రం విడిగా “అక్కా సూపర్, నన్ను కూడా ఒడ్డున ఒకరోజు కూర్చోనివ్వండి, నాకు అదే కావాలి” అని పెట్టింది. దాని పేరు పచ్చరంగులో వేసే ముందు దాన్నీ అడగలేదని అప్పుడు తెలిసింది.

చిన్నది హాస్టల్ నుంచి ఫోన్ చేసింది. “అమ్మా, నీకు నిజంగా ఈత వచ్చా? మరి నాకెందుకు నేర్పలేదు?” అని నిలదీసింది. ఎక్కడ నేర్పను? అది పుట్టేసరికే అమ్మమ్మ రేవు నిండా గుర్రపుడెక్క. వేసవి క్లాసుల్లో డబ్బు కట్టి చేర్పిస్తే నీళ్ళు వాసనొస్తున్నాయని మానేసింది, అది గుర్తులేదు మహాతల్లికి.

సంగతేమిటంటే, డిసెంబరులోపు నేను కొన్నాళ్ళు నీళ్ళలో దిగి చూసుకోవాలి. అవతలి గట్టు చేరిన నాటి ఊపిరి ఇప్పుడు ఉందో లేదో. కాలువల్లో ఇప్పుడు ఎర్రనీరు, అయినా ఈ వయసులో రేవులో దిగితే పేరూరు దాకా కబురు పోతుంది. కాకినాడలో ఆడవాళ్ళకి విడిగా వేళలున్న ఈతకొలను ఏదైనా తెలిస్తే చెప్పండి. యానాం మీదుగా బస్సులో పోయొస్తాను, ఇబ్బందేం లేదు. ఆదివారం మాత్రం కుదరదు, ఆ రోజు ఇంటికి జనం ఎక్కువ.