జూలియా దాచిన ఉత్తరాలు

మా నాయనమ్మ ట్రంకుపెట్టె అడుగున, పెళ్ళినాటి చీర మడతల కింద, తాతయ్య సైన్యంలో ఉన్నప్పుడు రాసిన ఇన్‌లాండు ఉత్తరాల కట్ట ఒకటి నాడాతో చుట్టి ఉండేది. బరంపురంలో ఒడియా బడిలో చదువుకున్న నేను తెలుగు అక్షరాలను కూడబలుక్కున్నది ఒక విధంగా ఆ కట్ట మీదనే. చూపు మందగించాక నాయనమ్మ వాటిని నా చేత మళ్ళీమళ్ళీ చదివించుకునేది. ఆమె పక్కింటివారి చేత రాయించి ‘56 ఏపీఓ’ అనే సైనిక తపాలా చిరునామాకు పంపిన జవాబులు మాత్రం ఒక్కటీ మిగలలేదు. చోటు మారిన ప్రతిసారీ సిపాయి సామాను తగ్గించుకోవాలి కదా అనేది తప్ప, ఆ సంగతికి ఆమె ఎన్నడూ నొచ్చుకోలేదు.

అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సేనలను గెలుపు దాకా నడిపిన జనరల్ యులిసీస్ గ్రాంటు తన భార్య జూలియాకు రాసిన ఉత్తరాలను ఈమధ్య చదువుతుంటే నాకు ఆ నాడా కట్టే కళ్ళ ముందు మెదిలింది. అక్కడ కూడా మనకు దక్కినవి ఆమె భద్రపరచిన ఆయన ఉత్తరాలే. ఆమె ఆయనకు రాసినవి దాదాపుగా లేవు. అందుచేత జూలియా ఏమని రాసి ఉంటుందో ఆయన జవాబులలోని ఆరాటాన్ని బట్టి, అలకను బట్టి మనమే పోల్చుకోవాలి.

వారి ప్రేమ 1844లో ఒక వాగు దగ్గర ముడిపడింది. తన రెజిమెంటు లూసియానాకు తరలిపోయిందని తెలిసిన యువ లెఫ్టినెంటు గ్రాంటు, జూలియాను చూసి మనసులో మాట చెప్పడానికి గుర్రం మీద సెయింట్ లూయిస్ సమీపంలోని ఆమె ఇంటికి బయలుదేరాడు. దారిలోని గ్రావోయి వాగులో మామూలు రోజుల్లో నీరే ఉండదు, ఆ రోజు మాత్రం వానలకు గట్లు ఒరుసుకుని పారుతోంది. ఎండాకాలంలో ఇసుక తేలి, వానాకాలంలో పొంగిపొర్లే బాహుదా నదిని చూసిన మా ప్రాంతం వారికి ఆ వాగును ఊహించుకోవడం కష్టం కాదు. ఒకసారి బయలుదేరాక వెనుదిరగకూడదన్నది గ్రాంటుకు ఉన్న పట్టింపు. గుర్రంతో సహా నీళ్ళలోకి దిగి, ప్రవాహంలో కొట్టుకుపోతూ ఈది, అవతలి గట్టుకు చేరాడు. తడిసి ముద్దయిన దుస్తులు విడిచి, జూలియా అన్నగారి బట్టలు తొడుక్కుని ఆమె ఎదుట నిలబడ్డాడు. ఈ సంగతిని ఆయన చివరి రోజుల్లో తన ఆత్మకథలో ఎంతో ఇష్టంగా చెప్పుకున్నాడు.

ఆ తరువాత నాలుగేళ్ళు ఉత్తరాలే వారి కాపురం. మెక్సికో యుద్ధం అడ్డం వచ్చి, మధ్యలో 1845లో ఒక్కసారి మాత్రమే వారు కలుసుకోగలిగారు. ఆ తొలి ఉత్తరాలలో ఒకదానిలో గ్రాంటు కొన్ని పంక్తులను ఖాళీగా విడిచిపెట్టి, ఆ ఖాళీలను తన ఉద్దేశం ప్రకారం చదువుకుంటే అవి మాటలకన్నా ఎక్కువే చెబుతాయని రాశాడు. మాటల పొదుపరి అని పేరుబడిన మనిషి ఇరవై రెండేళ్ళ వయసులోనే తన మౌనాన్ని చదవడం ఆమెకు నేర్పుతున్నాడు. 1848 ఆగస్టు 22న పెళ్ళి జరిగింది. జూలియా పుట్టింటివారు బానిసలను ఉంచుకున్న కుటుంబం కావడం బానిసత్వాన్ని ద్వేషించే వరుడి తండ్రికి గిట్టలేదు. గ్రాంటు తల్లిదండ్రులు ఆ పెళ్ళికి రాలేదు.

నన్ను ఎక్కువగా పట్టి నిలిపినవి 1852 తరువాతి ఉత్తరాలు. రెజిమెంటు పనామా మీదుగా పసిఫిక్ తీరానికి వెళ్ళింది. దారిలో కలరా సోకి ఎందరో చనిపోయారు. నిండు గర్భిణి అయిన జూలియా వెనుకనే ఉండిపోయింది. ఆ జూలైలో పుట్టిన రెండో కొడుకును గ్రాంటు చూడలేదు. ఫోర్ట్ వాంకోవర్‌లో ఉండగా ఒకనాడు ఆయన తనకు వచ్చిన ఉత్తరాన్ని ఒక సార్జెంటు భార్యకు చూపించాడట. చివరి పుటలో, పసివాడి చేతిని కాగితం మీద ఆనించి, చుట్టూ జూలియా పెన్సిలుతో గీసిన గీత ఉంది. ఒక్క మాటైనా మాట్లాడకుండా, చెమర్చిన కళ్ళతో ఉత్తరం మడుచుకుని వెళ్ళిపోయాడని ఆ సార్జెంటు భార్య తరువాత చెప్పింది. 1854 ఫిబ్రవరిలో ఫోర్ట్ హంబోల్ట్ నుంచి, తాను ఎంత దిక్కులేనివాడిలా ఉన్నాడో జూలియాకు తెలియదని, అక్కడికి వచ్చాక ఒకే ఉత్తరం అందిందని, అది కూడా ఏ మూడు నెలల నాటిదోనని రాశాడు. ఏప్రిల్‌లో ఉద్యోగానికి రాజీనామా చేశాడు. తాగుడు వల్లనే చేయవలసివచ్చిందన్న మాట జీవితాంతం ఆయనను వెంటాడింది. తాగుడు ఉండవచ్చు, కాని ఆ ఉత్తరాలను వరుసగా చదివినవారు రాజీనామాకు మరో కారణం వెతకనక్కరలేదని నా నమ్మకం.

అంతర్యుద్ధకాలంలో జూలియా పిల్లలను వెంటబెట్టుకుని, మళ్ళీ సైన్యంలో చేరిన ఆయన శిబిరాలకు వెళ్ళేది. ఆమెకు మెల్లకన్ను. భర్త పేరు దేశమంతా మారుమోగుతున్న రోజుల్లో, శస్త్రచికిత్సతో దాన్ని సరిచేయించుకోవాలని ఆమె తలపెట్టింది. ఆ కళ్ళను చూసే కదా నిన్ను ప్రేమించాను, వాటి జోలికి పోవద్దు అని గ్రాంటు వారించిన సంగతి ఆమే తన జ్ఞాపకాలలో రాసుకుంది. ఆ ప్రయాణాలలో ఆమె వెంట జూల్ అనే బానిస స్త్రీ కూడా ఉండేదని మరచిపోకూడదు. బానిసత్వాన్ని కూల్చిన సేనాని గుడారంలోనే ఆ స్త్రీ పిల్లలను చూసుకుంది, చివరకు తనంత తానుగా విడిపోయి వెళ్ళిపోయింది. ఈ దంపతుల ఉత్తరాలను నేను ఎంత ప్రేమగా చదివినా జూల్ దగ్గర ఆగిపోతాను. ఆమె కోసం దాచిన ఉత్తరాల కట్ట ఎక్కడా లేదు.

1885లో గొంతు క్యాన్సర్‌తో మాట పోయిన గ్రాంటు, అప్పులపాలైన కుటుంబానికి ఆధారం కల్పించాలని ఆత్మకథను పూర్తిచేస్తూనే, జూన్ 29న జూలియాకు ఒక ఉత్తరం రాసి తన ఒంటి మీదనే ఉంచుకున్నాడు. తాను పోయాక అది దొరుకుతుందని అందులోనే రాశాడు. పిల్లలను మంచి దారిలో నడపమని కోరి, మరో మేలైన లోకంలో కలుసుకునే దాకా సెలవని ముగించాడు. జూలై 23న కన్నుమూశాడు. భార్యకు పక్కన చోటు దొరకని సమాధి తనకు వద్దన్నందువల్ల, 1902లో మరణించిన జూలియా ఇప్పుడు న్యూయార్క్‌లో హడ్సన్ నది ఒడ్డున ఆయన పక్కనే ఉంది.

మా నాయనమ్మ పోయినప్పుడు ఆ నాడా కట్టను ఆమెతో పాటే పంపించాలని మా అత్త అంది. నాన్నగారు ఒప్పుకోలేదు. అది ఇప్పుడు నా దగ్గర ఉంది.