జెండా చూద్దామని వెళ్తే

సెప్టెంబర్ 17న హైదరాబాద్‌లో ఉంటే ఏ మీటింగుకి వెళ్లాలో మనమే ఎంచుకోవచ్చు. పరేడ్ గ్రౌండ్స్‌లో కేంద్రం వాళ్లది విమోచన దినోత్సవం, పబ్లిక్ గార్డెన్స్‌లో రాష్ట్ర ప్రభుత్వానిది ప్రజాపాలన దినోత్సవం (పోయిన ప్రభుత్వం ఇదే రోజుని జాతీయ సమైక్యతా దినోత్సవం అంది), కమ్యూనిస్టులకి సాయుధ పోరాటం, ఇంకొందరికి విలీనం. 1948లో భారత సైన్యం వచ్చి హైదరాబాద్ సంస్థానాన్ని ఏలుతున్న నిజాం లొంగిపోయిన రోజు కదా, ఎవరి పేరు వాళ్లు పెట్టుకున్నారు. రాజమండ్రి నుంచి వెళ్లిన నాకు ఇదంతా వింతే, మా వైపు ఆ రోజు ఎవరికీ గుర్తు కూడా ఉండదు.

నల్లకుంటలో మా పెద్దనాన్నగారి అబ్బాయి ఉంటాడు. మీటింగులు వద్దురా, పెద్ద జెండా చూపిస్తా పద అని సంజీవయ్య పార్కుకి తీసుకెళ్లాడు. 2016 జూన్ 2న, తెలంగాణ అవతరణ రోజున ఎగరేసిన జెండా అది. స్తంభం 291 అడుగులు, గుడ్డ 108 అడుగుల పొడవు, 72 అడుగుల వెడల్పు. హుస్సేన్ సాగర్ గాలి తగిలి అంత గుడ్డ ఒక్కసారిగా విచ్చుకుంటే వచ్చే చప్పుడు ఫోన్లో రికార్డు కాదు, అక్కడ నిలబడి వినాల్సిందే. అబద్ధమెందుకు, ఒళ్లు జలదరించింది. పక్కన ఒకావిడ పిల్లాడికి రంగుల పేర్లు చెప్పిస్తుంటే వాడు చక్రాన్ని లెక్కలోకి తీసుకుని నాలుగు రంగులని గొడవ.

అన్నయ్య మాత్రం "రాంచీది మనకన్నా రెండడుగులు ఎక్కువరా" అని నిజంగానే బాధపడ్డాడు. నాకు నవ్వొచ్చింది గానీ ఈ పోటీ పెద్దదే. 2017లో అటారీ సరిహద్దులో 360 అడుగులది మనం నిలబెడితే, ఆ ఏడాదే వాఘాలో పాకిస్తాన్ 400 అడుగులది పెట్టింది, 2023లో మనం 418కి వెళ్లాం. జెండా చూసి మురిసిపోవడం నాకు అర్థమవుతుంది, అవతలివాడి స్తంభం కొలుచుకుంటూ మురిసిపోవడమే అర్థం కాదు.

అక్కడి నుంచి కోఠి. బస్టాండ్ దగ్గర తుర్రేబాజ్ ఖాన్ స్మారకం ఉంది. 1857 జూలై 17న బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడి చేసినాయన, తర్వాత చంపి శవాన్ని జనం చూసేలా వేలాడదీశారు. ఇన్నేళ్లుగా ఆ బస్టాండులోనే బస్సెక్కే మా అన్నయ్య దాన్ని ఆ రోజే మొదటిసారి చూశాడు!

మధ్యాహ్నం అన్నయ్య వాళ్ల ఇంటి ఓనరు మాతో కలిశారు. సూర్యాపేట వైపు మనిషి, ఎనభై దాటినా ఐస్‌క్రీమంటే ప్రాణం, అందుకని మోజంజాహి మార్కెట్. గడియారం బురుజుకి ఎదురుగా కూర్చుని తింటుంటే ఒక బైక్ ర్యాలీ వచ్చింది, అందరి చేతుల్లో జెండాలు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఒక కుర్రాడు, టోపీ పెట్టుకున్న బత్తాయిల బండాయన వైపు వంగి నినాదం మొదలుపెట్టాడు. ఆయన తూకం వేస్తూనే మిగతా సగం అందుకున్నాడు. బండికి చిన్న ప్లాస్టిక్ జెండా కూడా కట్టి ఉంది. కుర్రాడు ఊరుకోలేదు, "జోర్ సే" అన్నాడు. ఆయన గట్టిగా అన్నాడు. "ఔర్ జోర్ సే." సిగ్నల్ పడింది కాబట్టి సరిపోయింది.

నాకు ఆ రెండోసారి దగ్గరే మనసు విరిగింది. మొదటిసారి పిలిచినప్పుడు కలిసి అందాం అన్నట్టే ఉంది. రెండోసారి నువ్వు నిరూపించుకో అన్నట్టుంది, మూడోసారికి ఎంత అరిచినా చాలదని తేలిపోయింది. హైదరాబాద్ భారత్‌లో విలీనం కావాలని రాసినందుకు 1948 ఆగస్టులో రజాకార్లు (నిజాం పాలన నిలబెట్టాలని ఆయుధాలు పట్టిన దళం) చెయ్యి నరికి చంపిన సంపాదకుడి పేరు షోయబుల్లా ఖాన్. ఆ కుర్రాడికి ఆయన పేరు ఎవరైనా చెప్పారో లేదో.

పెద్దాయన కప్పు పక్కన పెట్టి చెప్పారు. "మా ఊర్ల రజాకార్లు ఇండ్లు తగలవెట్టిన్రు బిడ్డా. మా నాయిన మమ్ముల తీస్కొని రాత్రికి రాత్రి బెజవాడ దిక్కు పోయిండు. మిల్ట్రీ వచ్చినంక తిరిగొస్తే మా దర్జీ ఇంటికి తాళం. ఆయన రజాకారు గాదు, మా లాగులు కుట్టేటోడు."

"మిల్ట్రీ రావడం మంచిదే కదా తాతగారూ?"

"మంచిదే, ఎవరు కాదన్నరు? దర్జీ పోవుడు మంచిదా?"

నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ, సైన్యం వచ్చినప్పుడు, ఆ తర్వాత జరిగిన హింసలో సంస్థానం మొత్తం మీద 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదికని దశాబ్దాలపాటు బయటపెట్టలేదు. ఏ మీటింగులోనూ ఆ దర్జీకి కుర్చీ ఉండదు.

మార్కెట్ దగ్గరే కరాచీ బేకరీ. దేశ విభజనప్పుడు సింధ్ వదిలి కట్టుబట్టలతో వచ్చిన హిందూ కుటుంబం 1953లో పెట్టుకున్నది. 2019లో పుల్వామా దాడి తర్వాత బెంగళూరు శాఖలో కరాచీ అన్న మాట మీద గుడ్డ కప్పాల్సి వచ్చింది, 2025 మేలో శంషాబాద్ శాఖ బోర్డుని కర్రలతో కొట్టారు. పాకిస్తాన్ వల్ల ఇల్లు పోగొట్టుకున్నవాళ్లని పాకిస్తాన్ మీద కోపంతో కొట్టడం! సింధ్‌లోనూ ఒక హైదరాబాద్ ఉంది, అక్కడ కేకులకి పేరున్న దుకాణం బాంబే బేకరీ. ఈ సంగతి చెబితే అన్నయ్య నమ్మలేదు, ఫోన్ తీసి వెతుక్కుని చూసి "అయితే దాని బోర్డు కూడా పీకేశారా?" అన్నాడు.

పెద్దాయనకి ఈ చర్చ విసుగొచ్చినట్టుంది. "బోర్డు ముచ్చట తర్వాత, షుగర్ లేని బిస్కెట్ ఉన్నదేమో అడుగు" అని నన్ను కౌంటర్ వైపు తోశారు.