తనే చెయ్యెత్తింది

"ఏం నాయనా, ఆ మంచు మీద కసువు ఊడుస్తా ఉండారా వాళ్లు?" అనింది అమ్మ, నా ఫోన్‌లోకి తొంగి చూసి.

ప్రపంచ జూనియర్ కర్లింగ్ పోటీలమ్మా, అందరూ 21 ఏళ్ల లోపు పిల్లలే అన్నాను. ఇరవై కిలోల దాకా తూగే గ్రానైట్ రాయి జారుతూ వస్తుంటే, ముందు ఇద్దరు బ్రష్‌లతో గబగబా రుద్దుతున్నారు. అలా రుద్దితే రాయి ఇంకాస్త దూరం, ఇంకాస్త తిన్నగా పోతుంది. బయట అలిపిరి రోడ్డు ఎండకు కాలిపోతుంటే అమ్మ కూడా ఫ్యాన్ కింద కూర్చుని చూసింది.

ఉన్నట్టుండి ఒక అమ్మాయి చెయ్యెత్తి ఆగిపోయింది. తగలకూడని బ్రష్ రాయికి తగిలిందట. నాకైతే కనపడనే లేదు. ఎవరూ అడగలేదు కూడా. తనే చెప్పి, ఆ రాయిని ఆపి పక్కకు తీసేసింది. ఒక్కో ఎండ్‌కు, అంటే ఆటలో ఒక్కో విడతకు, జట్టుకు ఉండేదే 8 రాళ్లు. అందులో ఒకటి పోయింది.

కర్లింగ్‌లో పద్ధతే అది, ఎవరి తప్పు వాళ్లే ఒప్పుకోవాలి. కానీ వీపు మీద దేశం పేరు, అంత టెన్షన్, ఆ వయసు! ఆ పిల్ల ముఖంలో మాత్రం తడబాటే లేదు.

పోయిన వారం షటిల్‌లో గీత మీద పడిన కాక్‌ని అవుట్ అని గట్టిగా చెప్పాను. ఎదుటివాడు నమ్మేశాడు.

సాయంత్రం గ్రౌండ్‌కి వస్తాడు. చెప్పేస్తాను.